దొరకని సినిమాల జాబితా

పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్లందరి దగ్గరా ఒక జాబితా ఉంటుంది. తమ దగ్గర ఉన్న సినిమాలది కాదు, ఎంత వెతికినా దొరకనివాటిది. అమెరికాలో అయినా అరక్కోణంలో అయినా ఇదే తంతు. అక్కడి అభిమానులు 1927లో వచ్చిన 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' ఎప్పటికైనా డిస్కుగా వస్తుందేమోనని ఎదురుచూస్తూనే ఉన్నారు. తెలిసిన చివరి ప్రతి 1965లో ఎం.జి.ఎం. స్టూడియో గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయిందని వాళ్లకు తెలుసు. అయినా ఆశ చావదు.

నా జాబితా ఒక పాత బ్యాంకు డైరీలో ఉంది. దొరికిన సినిమా పేరు మీద గీత గీస్తూ వచ్చాను. ఇన్నేళ్లలో చాలా పేర్లు కొట్టివేశాను. మొదటి పేజీలో మొదటి పేరు మాత్రం అలాగే ఉంది. అది 'కాళిదాస్', 1931.

మాది తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1 దాకా అది చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ సిఫార్సు ప్రకారం సరిహద్దు మారి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, కొండ కదల్లేదు, గీత ఒక్కటే కదిలింది. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కొండమీది స్వామికి రెండూ. కొత్త తెలుగు సినిమా చూడాలంటే పెద్దవాళ్లు రైలెక్కి నగరికో పుత్తూరుకో వెళ్లేవారు. అందుకని మా ఇళ్లలో ఒక్కొక్క కథకు రెండు పేర్లు ఉండేవి. ఎల్.వి. ప్రసాద్ 1955లో విజయా వారికి తీసిన 'మిస్సమ్మ'లో రామారావు, తమిళ 'మిస్సియమ్మ'లో జెమినీ గణేశన్. మా అమ్మది రామారావు పక్షం, మా మేనమామది జెమినీ పక్షం. గంటసేపు వాదించుకున్నాక తేలేది ఒక్కటే, సావిత్రి రెండింటిలోనూ ఉంది కదా అని. నా జాబితాకు బీజం అక్కడే పడింది. చూసినవాళ్లు చెప్పగా విన్నవన్నీ నా కళ్లతో చూడాలనిపించింది.

ఎనభైలలో వీడియో క్యాసెట్లు వచ్చాయి. పండక్కి ప్లేయర్ ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, తెల్లవారేదాకా మూడు నాలుగు సినిమాలు చూసేవాళ్లం. కాని మా ఊరి దుకాణంలో ఉన్నవన్నీ తమిళ క్యాసెట్లు. తెలుగువి ఎవరైనా తిరుపతి వెళ్లినప్పుడు తేవలసిందే. తరువాత నేను ఉద్యోగరీత్యా తిరువళ్ళూరు వచ్చేనాటికి వీసీడీల కాలం. అమావాస్యకు వీరరాఘవస్వామి గుడికి జనం విరగబడి వస్తారు. ఆ దారిలో ప్లాస్టిక్ పట్టా మీద పరిచి అమ్మే డిస్కుల్లో వంద తమిళ సినిమాలకు రెండో మూడో తెలుగువి దొరికేవి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ ముప్పై రూపాయల లోపు ధరకే వీసీడీలు అమ్మడం మొదలుపెట్టాక నా డైరీలో గీతలు జోరందుకున్నాయి. 'మల్లీశ్వరి', 'పాతాళ భైరవి', 'విప్రనారాయణ' ఒకటొకటిగా ఇంటికి చేరాయి.

ఇది వట్టి కాలక్షేపం కాదని చెప్పుకోవాలి. మా అమ్మాయి చదువంతా తమిళం, ఇంగ్లీషులలో సాగింది. తెలుగు అక్షరాలు దానికి రావు. నేను తెలుగులో అడుగుతాను, అది తమిళంలో జవాబు చెబుతుంది. కాని 'మాయాబజార్' వేస్తే మాత్రం ఎస్.వి. రంగారావుతో పాటు తానూ ఘటోత్కచుడి మాటలు గడగడా అప్పజెబుతుంది. దానికి ఇంత మంచి తెలుగు నోటికి వచ్చింది ఆ డిస్కు వల్లనే. రాష్ట్రం బయట ఉన్న మనలాంటివాళ్లకు ఒక పాత సినిమా దొరకడమంటే ఒక ఇంట్లో నాలుగు తెలుగు మాటలు నిలవడం.

మరి కొన్ని సినిమాలు దొరికి, కొన్ని ఎందుకు దొరకవు? జనం మెచ్చినవి మిగిలాయి, మెచ్చనివి పోయాయి అనుకుంటాం. బ్యాంకులో తాకట్టు కాగితాలు చూసి చూసి నాకు వేరే సంగతి కనిపిస్తుంది. సినిమా కూడా ఒక ఆస్తి. నెగటివ్ లాబొరేటరీలో ఉంటుంది. నిర్మాత దానిమీద అప్పు తెచ్చి ఉంటాడు. ప్రదర్శన హక్కులు ప్రాంతానికొకరికి, భాషకొకరికి అమ్మి ఉంటాడు. నిర్మాత పోయి, వారసులు నలుగురై, లాబ్ బకాయి తీర్చే దిక్కు లేకపోతే ఆ డబ్బా కదలదు. వీడియో వేసేవాడు అడిగేవి రెండే ప్రశ్నలు. సంతకం పెట్టేదెవరు? బొమ్మ బాగున్న నెగటివ్ ఎక్కడుంది? రెండింటికీ జవాబు ఉంటేనే సినిమా బతుకుతుంది. 1957 నాటి 'మాయాబజార్'ను హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ వారు రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేయగలిగారంటే, జనాదరణ ఒక్కటే చాలదు. బొమ్మా, హక్కూ రెండూ చేతిలో ఉండాలి.

ముప్పైల నాటి సినిమాలకు ఇంకో కష్టం ఉంది. అప్పటి ఫిల్ము నైట్రేటు. అది ఇట్టే అంటుకుంటుంది, ఉంచితే చివుకుతుంది. దాచడానికి ఖర్చు, ప్రమాదం. ఆట ముగిసిన సినిమాకు మళ్లీ గిరాకీ ఉంటుందని ఆనాడు ఎవరూ అనుకోలేదు. ఫిల్ములో ఉన్న వెండికి మాత్రం ధర ఉంది. 'ఆలం ఆరా' రీళ్లు వెండి కోసమే పోయాయని నిర్మాత ఇరానీ కుమారుడు తనతో చెప్పినట్టు, పుణే ఫిల్మ్ ఆర్కైవ్‌ను నిర్మించిన పి.కె. నాయర్ చెప్పారు. రాబడి లేదు, నిలవ ఖర్చు ఉంది. అలాంటి ఆస్తిని పుస్తకాల్లోంచి తీసేయమని ఏ లెక్కల గుమాస్తా అయినా చెబుతాడు. కామర్స్ చదివినవాణ్ణి కనుక ఆ లెక్క నాకు బాగా అర్థమవుతుంది. అర్థమవుతున్న కొద్దీ బాధ ఎక్కువవుతుంది.

ఆ ఇరానీ కంపెనీ తీసిందే 'కాళిదాస్'. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. 1931 అక్టోబర్ 31న మద్రాసు కినిమా సెంట్రల్‌లో విడుదలైంది. కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడింది. నాయకుడు పి.జి. వెంకటేశన్ తెలుగులో మాట్లాడాడు. చిన్న పాత్రల్లో కొందరు హిందీలో మాట్లాడారు. మధ్యలో త్యాగరాజ కీర్తనలు. తమిళులు దీన్ని తమ తొలి టాకీ అంటారు, అందులో వినిపించిన తెలుగును మనం గుర్తుచేస్తాం. ప్రతి ఒక్కటీ మిగిలినట్టు తెలియదు కనుక, చూసి తేల్చుకునే వీలు ఇద్దరికీ లేదు. ఒకరు తెలుగులో అడిగితే ఇంకొకరు తమిళంలో జవాబు చెప్పే సినిమా మా ఇంటి సినిమానే. మా తిరుత్తణి ఎవరిదని తగవులాడుకోవడానికి పాతికేళ్ల ముందే ఆ రెండు భాషలూ ఒకే తెర మీద కాపురం చేశాయి. అది నా కూతురి పక్కన కూర్చుని ఒక్కసారి చూడాలని నా కోరిక.

దొరుకుతుందా? జర్మన్ సినిమా 'మెట్రోపోలిస్'లో పోయిందనుకున్న భాగాలు 2008లో ఎక్కడో బ్యూనోస్ ఐర్స్‌లో ఉన్న ప్రతిలో కనబడ్డాయి. కలకత్తాలో 1919లో తయారైన 'బిల్వమంగళ్'లో మిగిలిన భాగం పారిస్ నుంచి 2016లో మన ఆర్కైవ్‌కు చేరింది. మద్రాసు నుంచి బతుకుతెరువుకు వెళ్లినవాళ్లు రంగూన్‌లో, కొలంబోలో, సింగపూర్‌లో ఉన్నారు. ఏ మూల ఏ డబ్బా ఉందో ఎవరు చెప్పగలరు?

రీలు దొరకకపోయినా కాగితం దొరకవచ్చు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని చాలాకాలం అనుకున్నాం. 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైందని రెంటాల జయదేవ తేల్చింది పాత కాగితాలు వెతికే. బొమ్మ లేని సినిమాకు కాగితమే సాక్షి. చెన్నైలోని రోజా ముత్తయ్య గ్రంథాలయంలో పాత సినిమా పాటల పుస్తకాలను జాగ్రత్త చేస్తున్నారు. అలాంటివి మన ఇళ్ల అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున ఇంకా ఉండి ఉంటాయి. పాత పేపర్లవాడికి తూకానికి వేసేముందు పై అట్ట మీది పేరు ఒక్కసారి చదవండి. అది మీకు రాని లిపిలో ఉంటే పక్కింటివాళ్ల చేత చదివించండి.