పూస కట్టిన ధూళి

పండక్కి హోసూరు పోయినప్పుడల్లా అవ్వ అడిగేది ఒకటే: "ల్యాబులో ఏం కాగబెడతావే పాపా?" ధూళి అంటే నవ్వుతుంది. స్ఫటికీకరణ అంటే మా ఇంటి తెలుగులో ఎవరికీ ఎక్కదు. ఈసారి నెయ్యి జాడీ చూపించి, "ఇట్ల పూస కట్టించేదే నా పని" అన్నాను.

కొత్త నక్షత్రం చుట్టూ తిరిగే ధూళిలో సిలికేట్లు మొదట్లో గాజు మాదిరి ఉంటాయి. లోపల పరమాణువులకు ఒక వరస ఉండదు. అట్లాంటి పొడే మేమూ తయారుచేసి, ఫర్నేసులో సుమారు 1000 కెల్విన్ వేడిలో పెడతాం. పరారుణ కాంతిలో చూస్తే ముందు 10 మైక్రాన్ల దగ్గర వెడల్పాటి దిబ్బ ఒకటే. కాగినాక 11.2 దగ్గర సన్నటి మొన లేస్తుంది. అది ఫోర్‌స్టరైట్ అనే ఖనిజం.

అవ్వ ఒప్పుకోలేదు. "కాగితే నెయ్యి కరుగుతుంది. పూస కట్టేది చల్లారినాక కదా?"

నిజమే. రెండేళ్లుగా పిల్లలకు ఇదే పోలిక చెప్తా వచ్చాను! ఈ ధూళి కరగనే కరగదు. ఫోర్‌స్టరైట్ కరగాలంటే సుమారు 1890 డిగ్రీల సెల్సియస్ కావాలి. దానికి ఎంతో తక్కువ వేడిలో, గట్టిగా ఉండగానే, పరమాణువులు జరిగి జరిగి వరసకు వస్తాయి. 2008లో ఈఎక్స్ లూపై అనే పసి నక్షత్రం భగ్గుమన్నప్పుడు స్పిట్జర్ టెలిస్కోపుకు ఈ ఖనిజం గుర్తులే కనిపించాయి. అంతకుముందు అక్కడ లేవు.

"1997లో మిద్దెమీద నువ్వు చూపించిన హేల్-బాప్ తోకచుక్కలోనూ ఇది ఉంది అవ్వా. అదేమో మంచుముద్ద."

"పొయ్యి కాడ కాగింది అంత చలిలోకి ఎట్ల పోయె?"

గాలి విసిరిందని కొందరు, ధూళి పళ్లెంలో సుడులు మోసుకుపోయాయని కొందరు. మా వాళ్ల మధ్య ఇంకా తగువే, అన్నాను.