‘గింతేనా అన్నా?’

మందమర్రిలో సింగరేణి జీతాలు పడ్డ వారం బజారుకు పోవాలంటే నాకు భయం. మెడలో ఐడీ కార్డు, చేతిలో లామినేషన్ చేసిన పాప ఫొటో. ‘అన్నా, ఒక్క నిమిషం’ అంటూనే రసీదు మీద పేరు రాసేస్తరు. 20 ఇస్తే ‘గింతేనా? పక్క షాపాయన 500 రాసిండు’ అని మొహం మాడుస్తరు.

వినాయక చవితి పోరగాళ్లే నయం. తాడు అడ్డం కట్టినా మండపం కండ్ల ముందుంటది, పులిహోరైనా పెడ్తరు. వీళ్ల ఆశ్రమం ఎక్కడంటే హైదరాబాద్ అంటరు, గల్లీ చెప్పరు. తిట్టి పంపుదామంటే, ఆ పాప నిజంగనే ఉంటే ఎట్లా?

అందుకే ఆదాయపు పన్ను 80జీ నంబర్ అడుగుతున్న. (2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు కూడా రాదు.) సంస్థ ఖాతాకే వేస్తా అంటున్న. మొన్న ఒకాయన స్కానర్ చూపించిండు. కొడితే సంస్థ పేరు రాలే, ఆయన మెడలో కార్డు మీదున్న పేరే వచ్చింది.