దుబాయ్ నుంచి శంషాబాద్ దాకా

దుబాయ్ నుంచి హైదరాబాద్ దాదాపు 2,550 కిలోమీటర్లు. మూడున్నర, మహా అయితే నాలుగు గంటల ప్రయాణం. మా జగిత్యాల వైపు పల్లెల్లో చదువు రానివాళ్లకీ ఈ లెక్క తెలుసు. అందుకే బావ పోయాడని ఫోన్ చేసినప్పుడు, మర్నాటికల్లా ఇంటికి తెస్తాననే అనుకుంది అక్క.

రాత్రి డ్యూటీ దిగి క్యాంపులో పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. గుండెపోటన్నారు. నేను అక్కడే వేరే కంపెనీలో డ్రైవర్‌ని కాబట్టి తిరిగే పనంతా నామీద పడింది. ముందు పోలీసుల కాగితం కావాలి. అది ఉంటేనే మరణ ధ్రువపత్రం. ఆ పత్రంతో పాటు పాస్‌పోర్టు కూడా ఇస్తేనే మన కాన్సులేట్‌లో దాన్ని రద్దు చేసి ఎన్‌ఓసీ ఇస్తారు. ఆ పాస్‌పోర్టేమో బావ పనిచేసిన కంపెనీ దగ్గరుంది. వెళ్లిన ప్రతిసారీ "రేపు రా" అన్నారు. శని, ఆదివారాలు ఆఫీసులుండవు. అన్నాళ్లూ మనిషి మార్చురీలోనే.

"గింత దూరమే కదరా తమ్మీ! పొద్దుగాల ఎక్కితే మాపటికి దిగుతడు. ఇంకెప్పుడు తెస్తవు?" అని అక్క రోజూ అడిగేది. ఏ కాగితం దగ్గర ఆగిందో చెప్పేవాణ్ని. విని ఫోన్ పెట్టేసేది.

సోనాపూర్‌లో శవానికి మందులెక్కించేముందు చూపించారు. గోళ్ల సందుల్లో సిమెంటు అలాగే ఉంది. వేలితో తీయబోతే రాలేదు.

ఒకప్పుడు శవాన్ని కూడా సరుకులా తూచి కిలోల లెక్కన చార్జీ వేసేవారు. వలస కార్మికుల కోసం పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే 2019లో ఎయిర్ ఇండియా గల్ఫ్ దేశాల నుంచి ఒకే రేటు పెట్టింది. ఆ కొట్లాడినవాళ్లకు దండం పెట్టాలి.

చివరికి ఒకే విమానంలో బయల్దేరాం. నేను సీట్లో, బావ కింద సామాన్ల అరలో. సముద్రం దాటుతున్నంతసేపూ నాకు ఒకటే కోపం. ఇంత దగ్గర దారికి ఇన్నాళ్లు ఆపారే అని. భోజనం తెచ్చారు, ముట్టలేదు.

శంషాబాద్ కార్గోలో మళ్లీ కాగితాలు, సంతకాలు. తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే అంబులెన్సు ఎక్కించుకుని రాజీవ్ రహదారి పట్టాం. కరీంనగర్ దాటేసరికి తెల్లారింది. దుబాయ్ నుంచి ఎగిరి రావడానికి పట్టినదానికన్నా శంషాబాద్ నుంచి ఊరు చేరడానికే ఎక్కువ సేపు పట్టింది.

ఇన్ని రోజులైంది, పెట్టె తెరవొద్దన్నారు పెద్దమనుషులు. అక్క చూడాలంది. నేను పట్టుబట్టి ముఖం వరకు తెరిపించాను. మధ్యాహ్నానికి దహనం అయిపోయింది.

బావకు రావాల్సిన జీతం బాకీ కంపెనీ ఇంకా ఇవ్వలేదు. వారసుల పత్రం అడుగుతున్నారు. దానికోసం అక్కను వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు తిరుగుతున్నాను.