ఎన్నికల లెక్క

మా కైకలూరు ప్రాంతమున చేపల చెరువు వేసినవాడు లెక్క వ్రాయక మానడు. కౌలు ఎంత, మేత ఎంత, పట్టుబడినాటి కూలి ఎంత, మంచుగడ్డ ఎంత, కలకత్తాకు లారీ కిరాయి ఎంత యని పైసలతో సహా చెప్పగలడు. లెక్క చూపని భాగస్థునితో మరుసటి యేడు పొత్తు కలుపరు. ఇంత జాగరూకత గల మనము, అయిదేండ్లు మనపై నధికారము చేయబోవువాని లెక్కను మాత్రము అడుగుట లేదు.

హక్కు లేక కాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి అభ్యర్థి తన యెన్నిక వ్యయమును వ్రాసియుంచి, ఫలితము వెలువడిన 30 దినములలో జిల్లా యెన్నికల యధికారికి సమర్పింపవలయును. తగిన కారణము లేక సమర్పింపనివానిని 3 ఏండ్లు అనర్హునిగా ప్రకటింపవచ్చును. శాసనసభ యభ్యర్థికి వ్యయపరిమితి మన రాష్ట్రమున 2022లో 40 లక్షల రూపాయలయ్యెను. 1961 నాటి నియమముల ప్రకారము ఒక్క రూపాయి రుసుము చెల్లించి ఎవరైనను ఆ లెక్కను చూడవచ్చును. 2024 మే 13న వోట్లు వేసితిమి, జూన్ 4న ఫలితము వింటిమి. తరువాత ఏలూరునకు బోయి యా కాగితములు చూచినవా రెందరు?

చట్టమున కంతలు లేకపోలేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్త వ్యాజ్యమున, పక్షము చేసిన వ్యయమును గూడ అభ్యర్థి లెక్కలో చేర్పవలెనని సుప్రీముకోర్టు తీర్పు చెప్పగా, ఆ యేడే చట్టమును సవరించి దానిని నిష్ఫలము గావించిరి. పక్షముల సాధారణ ప్రచారమునకు నేటికిని పరిమితి లేదు. 2018లో వచ్చిన యెన్నికల బాండ్లు దాతల పేర్లను కప్పిపుచ్చినవి. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వానిని ఏకగ్రీవముగా రద్దుచేసెను. ఇచ్చినవా డెవడో తెలియనిచో, గెలిచినవాడు ఎవనికి ఋణపడెనో తెలియదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కొల్లేటి హద్దును గూర్చి సభలో మాటలాడువాడు ఎవని ధనముతో నెగ్గెనో తెలియుట మనకు అన్నోదకముల విషయము.

అయినను తప్పంతయు అభ్యర్థిదే యనుట న్యాయము కాదని మా యభిప్రాయము. వోటునకు సొమ్మిచ్చుట నేరము, పుచ్చుకొనుటయు నేరమే. నేరమునకైన వ్యయమును ఎవడును లెక్కలో వ్రాయడు. కావున వీథిలో నోట్లు పంచిన ప్రతి రాత్రియు, ఏలూరిలో దాఖలు కాబోవు లెక్క ముందుగానే అబద్ధమగుచున్నది. ఆ నోటు పుచ్చుకొన్న యింటికి లెక్క యడుగు నోరుండదు. మాట పడిపోవుటయే దాని యసలు వెల.

గృహిణులారా, పాలవానికిని చాకలికిని నెలనెలా పద్దు వ్రాయువారు మీరు. గుమ్మములోనికి వచ్చిన నోటును త్రిప్పిపంపుట మీ చేతిలోనున్నది. పిమ్మట ప్రతి యూరినుండి ఇద్దరు ముగ్గురు ఏలూరునకు బోయి, రూపాయి చెల్లించి, ఆ లెక్కను చదివి, ఊరిలో చూచిన సభలను, వాహనములను, భోజనములను దానితో సరిచూచి, తేడా యున్నచో వ్రాతమూలకముగా అధికారికి దెలుపవలయును. చదువువారున్నారని తెలిసిననాడు గాని వ్రాయువాడు నిజము వ్రాయడు.