పోచవరం రేవు నుంచి ధవళేశ్వరం దాకా

గచ్చిబౌలి చౌరస్తా నుంచి గోల్కొండ కోటకు పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు. కోట లోపల రామదాసు బందిఖానా ఉంది. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పనిచేసిన కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడన్న నేరం మీద తానీషా హయాంలో పన్నెండేళ్ళు ఇక్కడే మగ్గాడని తెలుగువాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. గోదావరి చూడాలని బయల్దేరే పెద్దవాళ్ళకు హైదరాబాద్‌లో దీనికన్నా మంచి తొలి మజిలీ లేదు.

ఈ ప్రయాణంలో మనకు తోడొచ్చే జంట కూడా అక్కడే ఆగింది. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఆవిడ హైస్కూలు టీచరు. ఇద్దరూ గచ్చిబౌలిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. పిల్లలు సింగపూర్ క్రూజ్ బుక్ చేస్తామంటే, వీళ్ళు గోదావరే కావాలన్నారు. చదువుకునే రోజుల్లో చూసిన ‘అందాల రాముడు’ ఇంకా కళ్ళలో ఉంది. 1973లో బాపు-రమణల చేతుల్లో రూపుదిద్దుకున్న ఆ సినిమా కథ రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్ళే లాంచీ మీద నడుస్తుంది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ ఈ నదీ ప్రయాణాన్ని కొత్త తరానికి చూపించింది.

ఆ లాంచీ దారి ఇప్పుడు తెగిపోయింది.

పోలవరం దగ్గర నదికి అడ్డంగా డ్యామ్ లేస్తోంది. అందుకని ఎగువ నుంచి వచ్చేవాళ్ళు పోచవరం రేవులో, దిగువ నుంచి వచ్చేవాళ్ళు గండిపోచమ్మ గుడి దగ్గర పడవ ఎక్కుతారు. రెండు వైపుల పడవలూ పాపికొండల దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాయి. నది ఒక్కటే అయినా, పూర్తిగా చూడాలంటే రెండు ప్రయాణాలు పెట్టుకోవాలి.

ఔటర్ రింగ్ రోడ్డు దిగి విజయవాడ హైవే పట్టుకుంటే సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ. గోపన్న ఉద్యోగం చేసిన సీమ మీదుగానే భద్రాచలం చేరతాం. రైల్లో వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి గుడికి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సో కారో ఎక్కాలి.

చలికాలంలో భద్రాచలం వంతెన మీద నిలబడితే నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. ఈ ఊరి వానాకాలం మాత్రం అంకెలతో నడుస్తుంది. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు పొంగింది. 2022 జులైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. హైదరాబాద్‌లో టీవీ కింద స్క్రోలింగ్‌లో పరుగెత్తే ఈ అంకెలు, నది ఒడ్డు ఊళ్ళవాళ్ళకు సామాన్లు ఎప్పుడు సర్దుకోవాలో చెప్పే లెక్కలు. త్రయంబకం నుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు నడిచే నది, మహారాష్ట్ర, తెలంగాణల వానంతా మోసుకుని ఇక్కడికి వస్తుంది.

భద్రాచలం దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఒడిశాలో కొలాబ్ పేరుతో పుట్టిన నది ఇది. ఈ చుట్టుపక్కల మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేవి. పోలవరం ముంపు కారణంగా రాష్ట్ర విభజనలో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. రోడ్డు పక్కన మిరప చేలు, పొగాకు చేలు, వాటి మధ్య ఊళ్ళు. కొన్ని ఇళ్ళ గోడల మీద వరద గీసిపోయిన చారలు చెరగకుండా ఉన్నాయి.

పోచవరం రేవులో లైఫ్ జాకెట్ లేకుండా పడవ కదలదు. పెద్దాయన జాకెట్ భుజాల మీద వేసుకుని, బెల్టు వదిలేశారు. “ఏవండీ, ముందు ఆ క్లిప్పు పెట్టండి” అని ఆవిడే దగ్గరకొచ్చి, నడుం దగ్గర పట్టీ లాగి బిగించింది. కదులుతుంటే జాకెట్ గడ్డం దాకా ఎగదన్నకుండా ఉందో లేదో చూసింది. అలా చూడాలి కూడా. వదులుగా వేసుకున్న జాకెట్ నీళ్ళలో మనిషిని వదిలేసి పైకి తేలుతుంది.

ఆ జాగ్రత్త వెనక ఒక తేదీ ఉంది. 2019 సెప్టెంబర్ 15న, నది వరద మీద ఉండగా, రాయల్ వశిష్ఠ అనే పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు. యాభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాళ్ళలో హైదరాబాద్, వరంగల్ వైపు నుంచి విహారానికి వచ్చినవాళ్ళు చాలామంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం రోజుల తరబడి శ్రమపడి, అక్టోబర్ 22న పడవను పైకి లాగింది. ఆగిపోయిన విహార పడవలు 2021 నవంబరులో గానీ మళ్ళీ మొదలుకాలేదు. రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చింది ఆ దుర్ఘటన తర్వాతే.

పేరంటాలపల్లిలో పడవ ఆగుతుంది. ఇసుకలో కొంత దూరం నడిచి, మెట్లెక్కితే స్వామి బాలానంద నెలకొల్పిన రామకృష్ణ మునివాటం. లోపల శివాలయం. బయట కొండరెడ్ల వెదురు సామాన్ల వరస. ఒకామె వెదురు పుల్లను కత్తితో పైనుంచి కిందికి చీరుతోంది. చీరిన పలచని పొర విడిపోకుండా, మొదట్లోనే చుట్టుకుని నిలబడుతోంది. పొర మీద పొర లేస్తూ పుల్ల చివర పువ్వు తయారవుతుంది, ఆ తర్వాత రంగు. బేరం ఆడాలనుకున్న టీచరమ్మ ఆ చేతివేగం చూసి అడిగినంతా ఇచ్చేసింది.

అక్కడి నుంచి కొండలు దగ్గరవుతాయి. కిలోమీటరు పైచిలుకు పరుచుకున్న నది కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఇరువైపులా అడవి 2008లో ప్రకటించిన పాపికొండ జాతీయ పార్కు, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. మలుపు తిరిగే దాకా ముందు దారి ఉందో లేదో తెలియదు. పడవలో పాటలు ఆపమని ఎవరో ఒకరు అడగాలి. అడిగితే ఆపుతారు. అప్పుడు కొండ మీది పిట్టల అరుపులు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వినిపిస్తాయి.

అందరి ఫోన్లూ కొండలవైపే ఉంటాయి. కాస్త కిందికి, ఒడ్డువైపు చూడాలి. డ్యామ్ నిండా నీళ్ళు నిలిపితే మట్టం 45.72 మీటర్లు. దాని కింద మూడొందల డెబ్బైకి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు పునరావాసం లెక్కల్లోకి వచ్చాయి. కోయలు, కొండరెడ్లు ఎందరో మైదానాల్లోని కాలనీలకు తరలారు, ఇంకెందరో పరిహారం కోసం ఎదురుచూస్తున్నారు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదికి మళ్ళించాక, దేవీపట్నం, గండిపోచమ్మ గుడి వరద కాలంలో నీళ్ళలోనే ఉంటున్నాయి. డెల్టాకు, విశాఖకు నీళ్ళు కావాలి, నిజమే. ఆ నీళ్ళ కోసం పొలం, పోడు, ఇంటి ముందు చింతచెట్టు వదులుకున్నవాళ్ళకు పైసా బాకీ లేకుండా చెల్లించడం అంతకన్నా ముందు జరగాలి. హైదరాబాద్ కూడా ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు తాగే ఊరే. అందుకే ‘ముందు పరిహారం’ అన్న మాట మనవాళ్ళూ గట్టిగా అనాలి.

పడవ వెనక్కి తిరిగినా, కొండలు దాటిన గోదావరి స్పిల్‌వే గేట్ల గుండా కిందికి వస్తుంది. గేట్లు 48. ఆ దిగువ పట్టిసీమ లంకలో వీరభద్రుడి గుడి, 2015లో మొదలైన ఎత్తిపోతల పంపులు. రాజమండ్రి వచ్చేసరికి ఎదురొడ్డు మసకగా కనిపించేంత వెడల్పు. పాత హేవలాక్ వంతెన రైళ్ళు లేకుండా నిలబడి ఉంది, పక్కన 1997 నాటి ఆర్చి వంతెన మీద రైళ్ళు నడుస్తున్నాయి.

ధవళేశ్వరంలో 1847-52 మధ్య ఆర్థర్ కాటన్ కట్టిన ఆనకట్ట డెల్టా బతుకును మార్చింది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1980ల మొదట్లో పూర్తయింది. ఇక్కడి నుంచి నది గౌతమి, వశిష్ఠలుగా చీలి సముద్రం దారి పడుతుంది. రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లి, గచ్చిబౌలికి దగ్గరి స్టేషన్.

అపార్ట్‌మెంట్‌లోని తోటి పెద్దవాళ్ళకు ఆ జంట ఇప్పుడు ఇలా చెబుతోంది: పుష్కరాలు 2027లో వస్తాయి, ఆ రద్దీ దాకా ఆగకండి. సంక్రాంతి సెలవులు అయ్యాక, వారం మధ్యలో వెళ్ళండి. ముందు పోచవరం వైపు వెళ్ళండి, ఊళ్ళో మనుషులు ఇంకా ఉండగానే.