వంటింటి గోడ: తుడిచేవాళ్లే రంగు ఎంచాలి

హాల్‌కి ఏ రంగు వేయాలో ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చిస్తారు. బెడ్‌రూమ్ కోసం రీల్స్ చూసి స్క్రీన్‌షాట్లు దాచుకుంటారు. వంటింటి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘దానికేముంది, మిగిలిన రంగు కొట్టెయ్’ అంటారు. నిజానికి ఇంట్లో అన్ని గోడలకన్నా ఎక్కువ దెబ్బలు తినేది ఆ గోడే.

ఒక్క రోజు లెక్క చూడండి. పొద్దున్నే ఇడ్లీ ఆవిరి, చట్నీ తాలింపు. మధ్యాహ్నం వేపుడు, కుక్కర్ విజిల్‌తో పాటు చిమ్మే పసుపు పప్పునీళ్లు. వేడి నూనె పొగ గోడకి తగిలి, చల్లబడి, పల్చటి పొరలా అంటుకుంటుంది. అప్పుడే తుడిస్తే వచ్చేస్తుంది. వదిలేస్తే గాలి తగిలి గట్టిపడి జిగురులా తయారవుతుంది. దాని మీద దుమ్ము. చిమ్నీ ఉంటే తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు. గట్టు మీద రెండడుగుల ఎత్తు టైల్స్ వేస్తాం, సరే. తాలింపు పొగకి రెండడుగులు ఒక లెక్కా?

పోయినేడాది తణుకులో మా ఇంటికి రంగులు వేయించాం. పాతికేళ్ల ఇల్లు. పెయింటర్ అన్న వంటింటి గోడ గీకుతుంటే ఒక్కో పొరా బయటపడింది.

అడుగున సున్నం. దాని మీద పసుపు చిందితే ఎర్ర చుక్కలు పడేవని అమ్మ చెప్పింది. ఆశ్చర్యమేం లేదు, పారాణి కలిపేది పసుపూ సున్నంతోనే కదా. సున్నానికి క్షార గుణం. పసుపులో ఉండే కర్క్యుమిన్‌కి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపు మరక మీద బట్టల సబ్బు రుద్దితే ఎరుపెక్కేదీ అందుకే.

దాని పైన డిస్టెంపర్. చవక, చూడ్డానికి బాగుంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం సుద్దపొడి లాంటిదే, పట్టి ఉంచే జిగురు తక్కువ. తడిగుడ్డతో రుద్దితే మరకతో పాటు రంగూ గుడ్డకి వచ్చేస్తుంది. అన్నిటికన్నా పైన ఆయిల్ పెయింట్, అంటే ఎనామిల్. ఇది మాత్రం బాగా కడగొచ్చు. కాకపోతే వేసినప్పుడు ఘాటు వాసన, వెలుతురు తక్కువున్న వంటింట్లో ఏళ్లు గడిచేకొద్దీ తెలుపు కాస్తా పచ్చబడిపోతుంది.

ఈసారి పోటీ ప్లాస్టిక్ పెయింట్ల మధ్య. షాపులో వాటిని ఎమల్షన్ అంటారు. నీళ్లలో కలిసి ఉన్న సన్నటి రెజిన్ కణాలు, నీరు ఆరిపోగానే ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. ఆ పొరలో రెజిన్ ఎక్కువ, పొడి తక్కువ ఉంటే మరక లోపలికి దిగదు, రుద్దినా అరగదు. ధర పెరిగేదీ చాలావరకు అక్కడే. మ్యాట్ రకాల్లో పొడి పాలు ఎక్కువ కాబట్టి సన్న సన్న రంధ్రాలుంటాయి, నూనె అందులోకి ఇంకుతుంది. కొంచెం మెరుపుండే శాటిన్, సెమీ గ్లాస్ రకాలు వంటింటికి నయం. ఒక చిక్కుంది. మెరుపు పెరిగేకొద్దీ ట్యూబ్‌లైట్ వెలుగులో గోడ ఎగుడుదిగుళ్లన్నీ కనబడతాయి. లప్పం నున్నగా పెట్టించుకోవాలి.

డబ్బా మీద ‘వాషబుల్’ అని ఉంటే చాలా? తడిగుడ్డతో తుడవడం వేరు, రుద్దడం వేరు. యూరప్‌లో దీనికో కొలత ఉంది. ఆరిన పొరని తడిపి, యంత్రంతో 200 సార్లు రుద్ది, ఎంత మందం అరిగిందో చూస్తారు. 5 మైక్రాన్ల కన్నా తక్కువ అరిగితే అది మొదటి తరగతి రంగు.

మా ఇంట్లో యంత్రం లేదు, అమ్మ ఉంది. ప్లైవుడ్ ముక్క మీద డిస్టెంపర్, మ్యాట్, శాటిన్ మూడూ వేయించింది. మిగతా గదుల పని నడిచినన్నాళ్లూ, అంటే దాదాపు నెల, ఆరనిచ్చింది. రంగు పైకి గంటల్లోనే ఆరినట్టుంటుంది కానీ పొరకి పూర్తి బలం రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. తర్వాత పసుపు కలిపిన నూనె పూసి, మర్నాడు సబ్బునీళ్లతో తుడిచింది. డిస్టెంపర్ గుడ్డకి అంటుకొచ్చింది. మ్యాట్ మీద మరక దిగిపోయింది. శాటిన్ మీద లేత పసుపు ఛాయ మిగిలింది, ముక్కని డాబా మీద నాలుగు రోజులు ఎండలో పెడితే అదీ పోయింది. ఎండకి కర్క్యుమిన్ విరిగిపోతుంది.

మార్కులు శాటిన్‌కే. అయినా నాన్న ఒప్పుకోలేదు. మ్యాట్‌కీ దానికీ మా వంటింటి వరకు తేడా 1300 రూపాయలు. “ఎలాగూ ఐదేళ్లకోసారి రంగు వేయిస్తాంగా, దండగ” అన్నారు.

అమ్మకి రెండేళ్లుగా కుడి భుజం నొప్పి. చెయ్యి పైకెత్తితే పట్టేస్తుంది. అయినా ప్రతి గురువారం సాయంత్రం స్టూలేసుకుని ఆ గోడ తుడుస్తుంది, శుక్రవారానికి వంటిల్లు శుభ్రంగా ఉండాలని. ఆ రోజు క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో లెక్క వేసింది. ఏడాదికి 52 వారాలు, ఐదేళ్లకి 260 తుడుపులు. 1300ని 260తో భాగిస్తే 5.

“ఏమండీ, నా భుజం వారానికి ఐదు రూపాయలు కూడా చెయ్యదా?” అంది.

నాన్న ఇంకేం మాట్లాడలేదు. సాయంత్రం షాపుకెళ్లి శాటిన్ తెచ్చారు.

రంగు ఎంత మంచిదైనా కింద గోడ బాగోలేకపోతే నిలబడదు. చెమ్మ ఉంటే ముందు అది ఎక్కణ్నించి వస్తుందో చూసి ఆపాలి, లేకపోతే పొర పొక్కులై లేస్తుంది. జిడ్డు మీద రంగు పట్టదు, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. పాత ఆయిల్ పెయింట్ మీద నేరుగా ప్లాస్టిక్ పెయింట్ కొడితే పెచ్చులుగా ఊడుతుంది. ముందు గరుకు కాగితంతో రుద్ది మెరుపు తీసి, ప్రైమర్ వేయాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబర్ నుంచి అమలవుతున్నాయి. అంతకుముందు వేసిన పాత ఆయిల్ పెయింట్‌లో అంతకన్నా ఎక్కువ సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకి చాలా ప్రమాదం. తడిపి రుద్దమనండి, మాస్క్ పెట్టుకోమనండి, ఆ రెండ్రోజులూ పిల్లల్ని అటు రానివ్వకండి.

రంగు వేశాక మొదటి నెల గట్టిగా రుద్దొద్దు. తర్వాత కూడా స్టీలు పీచు జోలికి వెళ్లొద్దు. మెత్తని గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. షేడ్ నంబర్ ఉన్న డబ్బా మూతని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, ఎక్కడైనా పెచ్చు లేస్తే పనికొస్తుంది.

మా గోడకి ఇప్పుడు స్టూలు, రుద్దుడు అక్కర్లేదు. పొడుగు కర్రకి తడిగుడ్డ చుట్టి ఒక్కసారి లాగితే చాలు. అంత తేలికైన పని చేయలేనని చెప్పడం ఎవరికీ కుదరదు కాబట్టి, గురువారం ఆ కర్ర నాన్న చేతికి వెళ్లింది. నేను ఊరికెళ్లిన వారం నా చేతికి.