పగకు పెట్టుబడి ఎవరిది?

రాయలసీమ మనిషికి పగ రక్తంలోనే ఉంటుందని మన చిత్రపరిశ్రమ ఏనాడో తేల్చేసింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ ఈ సిద్ధాంతాన్ని ఊరూరా చాటాయి. మూడింటికీ దర్శకుడు బి. గోపాలే. ఎమ్మిగనూరులో పాఠాలు చెప్పుకునే నన్ను, కోస్తా మిత్రులు “మీ వైపు బాంబులు పేలుతుంటాయట గదా!” అని అడుగుతారు. ఆదోని పత్తిని గురించిగాని, ఎమ్మిగనూరు మగ్గాన్ని గురించిగాని అడిగిన మహాశయుడు ఇంతవరకు తారసపడలేదు.

కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ తీసిన ‘ఓల్డ్‌బాయ్’ (2003)ను కొందరు విద్యార్థులతో కలిసి చూశాను. 2004 కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి అందుకున్న చిత్రమది. ఓ దే-సు అనే సామాన్యుణ్ణి ఎవరో ఎత్తుకుపోయి 15 ఏళ్లు ఒక గదిలో బంధిస్తారు. తిండికి ఎప్పుడూ అవే వేయించిన కుడుములు. విడుదలై పగ తీర్చుకోబోయిన ఆ మనిషి, తానే మరొకడి పగలో పావునని చిట్టచివరకు గ్రహిస్తాడు. బడిరోజుల్లో అతడు నోరుజారిన ఒక మాట ఊరంతా పాకి, ఒక అమ్మాయి ప్రాణం తీసింది. ఆమె తోబుట్టువు లీ వూ-జిన్ ఇన్నేళ్లు కాచుకున్నాడు.

కుర్రవాళ్లను కట్టిపడేసింది నడవలో సుత్తిపోరాటం. కెమెరా ఎక్కడా తెగకుండా పక్కగా సాగుతుంటే దే-సు అలిసిపోతాడు, రొప్పుతాడు, వీపున కత్తి దిగుతుంది. (మన తెరమీద నాయకుడు తొడగొడితే రైలే వెనక్కి నడిచింది!)

నా దృష్టి ఆ జైలు మీద నిలిచింది. డబ్బు కట్టించుకుని మనుషుల్ని బంధించి ఉంచే వ్యాపారం అది. ఆ ఖర్చు 15 ఏళ్లు భరించగలిగాడంటే వూ-జిన్ ఎంత సంపన్నుడో ఊహించుకోవచ్చు. కోసిగి వైపు అమ్మాయి ఒకతె అడగనే అడిగింది: “సార్, అంత దుడ్డు లేనోళ్లు పగ ఎట్ల తీర్చుకోవల్ల?”

ఆ అమ్మాయి ఇంటివాళ్లు ఏటా సుగ్గికి, అంటే మిరపకోతలకు, గుంటూరు వైపు పోతారు. ఇంటికి తాళం పడుతుంది, చిన్నపిల్లల చదువు ఆగుతుంది. ఈ పడమటి పల్లెలను ఖాళీ చేయిస్తున్నది కరవు. దాన్ని మీద తొడగొట్టడానికి ఏ కథానాయకుడూ రాడు.

మన ఫ్యాక్షన్ చిత్రాల్లో సుమోలు గాలిలోకి లేచినప్పుడు వాటినుంచి రాలిపడే మనుషులకు పేర్లుండవు. వాళ్లూ ఎవరి పొలంలోనో కౌలుదార్లు, జీతగాళ్లే. గతమూ, తండ్రీ, ఫ్లాష్‌బ్యాకూ ఉండేది ఇద్దరు భూస్వాములకే. 2018లో త్రివిక్రమ్ ‘అరవింద సమేత’లో పేకాటలో 5 రూపాయల దగ్గర రాజుకున్న పగను చూపి, దాని హాస్యాస్పదతను కొంత బయటపెట్టాడు. అది మెచ్చదగిన పనే. అయితే అక్కడ కూడా శాంతిని దయచేసేవాడు పెద్దింటి వారసుడే.

‘ఓల్డ్‌బాయ్’ క్షీణసాహిత్యపు కోవలోదని మా సహోపాధ్యాయుడొకరి అభిప్రాయం. నేను ఒప్పుకోను. పగ తీరిన పిమ్మట వూ-జిన్‌కు బతకడానికి కారణం మిగలదు. తన్ను తానే కాల్చుకుంటాడు. పగకు ఇంతకన్నా కఠినమైన లెక్క మన తెరమీద ఎవరు కట్టారు? అయినా ఒక లోపం ఉంది. ఆ జైల్లో మిగతా గదులెవరివో, వాళ్లను బంధించడానికి డబ్బు కట్టినవారెవరో దర్శకుడు పట్టించుకోలేదు.

చివర మంచులో దే-సు ముఖం నవ్వుతున్నదా ఏడుస్తున్నదా అని మావాళ్లు గంటసేపు వాదించుకున్నారు. ఆ జైలు మూతపడిందని మాత్రం చిత్రంలో ఎక్కడా లేదు.